రీడింగు

కోఠీలో, సర్జికల్ దుకాణాల వెనక సందులో
చక్రాల కుర్చీల మధ్య నుంచి పక్కకి తిరిగి నడిచి
ముఖీమ్ భాయ్ మెట్లెక్కాను.
అరల నిండా ఊపిరి మిషన్లు,
ఒక్కోదాని నుదుట తెల్ల స్టిక్కరు, నీలి పెన్నుతో ధర,
రెండో పెళ్లి సంబంధాల్లా తల దించుకుని.

కొత్తదైతే అరవై రెండు వేలు.
ఆసుపత్రిలో ఆ అంకె చెప్పినప్పుడు
విమల చెయ్యి చెవి కమ్మ దాకా వెళ్లి
ఏమీ ఎరగనట్టు జుట్టు సర్దుకుంది.

ఒక రాత్రంతా తలకి వైర్లు అంటించి వాళ్లు తేల్చింది:
గంటకి నలభై ఏడుసార్లు నా సప్లై కట్టవుతోంది.
ఇరవై ఆరేళ్లుగా సైదాబాద్ గల్లీల్లో
ఇంటింటి కరెంటు మీటరు చదివినవాణ్ణి,
నా ఫ్యూజు సంగతి నాకే తెలీలేదు.
తెలిసింది విమలకి.
చీకట్లో నా గురక ఆగిన చోట
వేళ్ల మీద లెక్కపెట్టుకునేదట,
పదమూడు, పద్నాలుగు...
ఇరవై దాటితే మోచేత్తో పొడిచేది.
పగలు నేను మీటరు ముందు నిలబడే కునికేవాణ్ణి.
"అంకెలు అంత చిన్నగున్నయా నాయనా?"
అంది ఒక ముసలామె,
నా నుదురు అద్దానికి ఆని ఉంటే.

"లోపల స్పాంజి చూస్కో సాబ్, నల్లగయితే తీస్కోకు.
మాస్కు, పైపు, ఫిల్టరు కొత్తయే కొను,
నా దగ్గర్నే కొనాలని లేదు.
మిగిలింది మోటరు. మోటరుకి మతిమరుపు ఎక్కువ."
మూత తీసి వాసన చూశాను.
డెట్టాలు. దాని కింద లీలగా
ఎవరిదో తలనూనె.

స్విచ్చి వేస్తే తెర వెలిగింది:
నాలుగు వేల మూడొందల పద్దెనిమిది గంటలు.
అలవాటు చొప్పున జేబులో పెన్ను తడుముకున్నాను.
రోజుకి ఆరు గంటలేసుకున్నా
రెండేళ్లకి పదిరోజులు తక్కువ
ఎవరో దీన్ని మూతికి కట్టుకుని పడుకున్నారు.
ఆ తర్వాత కట్టుకోలేదు.

"ఏమయ్యాడు?"
"సన్నగయిండు సాబ్. ముప్పై కిలోలు తగ్గిండు."
పక్కదాన్ని చూపించాను.
"ఆయన గూడ సన్నగయిండు."
అరల నిండా మిషన్లు.
ఊళ్లో ఇంతమంది సన్నబడ్డ సంగతి
నా కంట పడనేలేదు.

నా మొహం చూసి ముఖీమ్ భాయ్
"మనసుకి పట్టకపోతే జీరో చేసిస్తా, రెండొందలు" అన్నాడు.

జీరో.
మీటరు వెనక్కి తిప్పినవాళ్లని,
అయస్కాంతం పెట్టి నిద్రపుచ్చినవాళ్లని
పదకొండు మందిని పట్టి పేర్లు రాసిచ్చినవాణ్ణి.
(ఒక పిండిమర ఆయన కాళ్లు పట్టుకుంటే రాయలేదు.
అది వేరే కథ.)
"వద్దు. ఉన్నదున్నట్టు ఇవ్వు."
పదిహేడున్నర వేలకి తెగింది.
చీటీ పాడిన డబ్బు, పై ఐదొందలు విమలవి.

వదిన గుమ్మంలోనే ఆపింది:
"పాత చెప్పులే కొనుక్కోం, పాత ఊపిరి కొన్నావా మరిదీ?"
విమల మాట్లాడలేదు. తడిగుడ్డతో తుడిచి,
బొట్టు పెట్టబోయి, పెట్టకుండా
మంచం పక్క స్టూలు మీద ఉంచింది.

మొదటి రాత్రి గాలి
వరస చెప్పని చుట్టంలా ముక్కులోకి చొరబడింది.
రెండో రాత్రి పీకి పారేశాను, మళ్లీ పెట్టుకున్నాను.
ఐదో రాత్రి ఏం జరిగిందో నాకు తెలీదు.
తెల్లారి లేచేసరికి విమల ఇంకా పడుకునే ఉంది,
ఏడుంబావయినా.
వేళ్లు సగం ముడిచి,
ఏదో లెక్క మధ్యలో వదిలేసినట్టు.

తెర చూశాను: నాలుగు వేల మూడొందల నలభై.
పాత రీడింగు తీసేస్తే నా వాడకం ఇరవై రెండు.
బిల్లయితే అంతే రాస్తాను.
తీసివేత చేయబుద్ధి కాలేదు.
అతనెవరో, సన్నబడ్డవాడు,
అతను ఆపిన చోట నేను ఎత్తుకున్నాను, అంతే.

ఇవాళ ఆదివారం. ఫిల్టరు మార్చాలి.
ఆ నూనె వాసన పోయిందేమో అని మూత తీశాను.
ఉంది.
అతనిదో నాదో
ఇప్పుడు చెప్పలేను.